పాలు పోసే పనిమనిషి: ఒక ప్రతిరచన నేర్పిన చరిత్ర

పాత చిత్రాన్ని ఎదుట పెట్టుకొని దాన్ని మళ్ళీ తైలవర్ణాలలో చిత్రించడం కళాసాధన అవుతుందా, లేక సొంత ఊహ లేనివాడు చేసే వృథా శ్రమా? ఈ ప్రశ్న మన చిత్రకారుల మధ్య చాలా కాలంగా నలుగుతూనే వుంది. ఒక పక్షంవారు పూర్వపు మహాచిత్రకారుల పేరు చెప్పగానే చేతులు జోడిస్తారు. వారి దృష్టిలో ఆ చిత్రాలు పూజించవలసినవే గాని ప్రశ్నించవలసినవి కావు. రెండవ పక్షంవారు అవి రాజులకూ వర్తకులకూ గీసినవి గనుక వాటితో మనకు పనిలేదని తోసివేస్తారు. ఈ ఉభయపక్షాలవారూ చేయని పని ఒకటి వుంది. అది, ఆ చిత్రం ఎట్లా తయారయిందో, దేనితో తయారయిందో, ఎవరి చేతులమీదుగా తయారయిందో విచారించడం. ఈ విచారణకు ప్రతిరచనను మించిన మార్గం లేదని నా అభిప్రాయం. దానికి ఆధారాలను ఒకే ఒక చిత్రం నుండి చూపడానికి ప్రయత్నిస్తాను.

ముందు ప్రతిరచన చరిత్రను కొంచెం గుర్తు చేసుకోవాలి. నకలు తీయడం అల్పుల పని అనే భావం కొత్తగా వచ్చినదే. రూబెన్స్ 1628-29లో మాడ్రిడ్ వెళ్ళినప్పుడు అప్పటికే యూరప్ అంతటా పేరున్నవాడు. వయస్సు యాభైకి దాటింది. అయినా స్పెయిన్ రాజు భవనంలో వున్న టిషియన్ చిత్రాల ముందు నిలబడి వాటికి ప్రతులు తీశాడు. ఫ్రెంచి విప్లవ ప్రభుత్వం 1793 ఆగస్టు 10న లూవ్ర్ రాజప్రాసాదాన్ని ప్రజల మ్యూజియంగా తెరిచింది. విప్లవ పంచాంగంలో వారానికి పది రోజులు. అందులో ఐదు రోజులు ప్రతులు తీసుకొని నేర్చుకొనే చిత్రకారులకు కేటాయించింది. అంటే రాజుగారి గోడమీది బొమ్మను ప్రజల చేతికి అందించడమంటే, చూడనివ్వడం ఒక్కటే కాదు, మళ్ళీ గీయనివ్వడం కూడా అని ఆ విప్లవకారులు గ్రహించారన్నమాట. పారిస్ ప్రభుత్వ కళాశాల 1897 దాకా స్త్రీలకు ప్రవేశం ఇవ్వలేదు. ఆ కాలంలో ఎందరో స్త్రీలకు లూవ్ర్ గోడలే పాఠశాల అయినవి.

వాన్ గో సంగతి మరీ ముఖ్యమైనది. 1889-90లో సాఁ-రెమీ చికిత్సాలయంలో వుండగా ఆయన మీయే రైతు చిత్రాలకు ఇరవై ఒక్క ప్రతులు చిత్రించాడు. ఎదుట వున్నవి నలుపు తెలుపు అచ్చుబొమ్మలు మాత్రమే. రంగులన్నీ ఆయన చేర్చినవే. సంగీతకారుడు మరొకరు కూర్చిన కృతిని వాయించినప్పుడు దాన్ని ఎవరూ నకలు అనరు గదా, చిత్రకారునికి మాత్రం ఆ హక్కు ఎందుకు లేదని ఆయన తమ్మునికి రాసిన లేఖలలో వాదించాడు. మన దేశంలో రవివర్మకు తైలవర్ణాల మర్మం నేర్పే గురువు సరిగా దొరకలేదు. తిరువాన్కూరు ఆస్థానానికి వచ్చిన థియొడోర్ జెన్సన్ పనిచేస్తూ వుంటే పక్కన నిలబడి చూచి నేర్చుకున్నాడని ఆయన చరిత్ర రాసినవారు చెబుతారు. మన కలంకారీ పనివారి ఇళ్ళలో పిల్లవాడు తండ్రి గీసిన గీతమీద గీత దిద్దే నేర్చాడు. నేర్చుకోవడమంటే మొదట ఇంకొకరి చేతిని అనుసరించడమే. ఏ వృత్తిలోనైనా ఇంతే.

నేను ఎన్నుకున్నది యోహానెస్ వెర్మీర్ సుమారు 1660లో చిత్రించిన 'పాలు పోసే పనిమనిషి'. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో వుంది. ఆ మ్యూజియం 2012 నుండి తన చిత్రాల ఛాయారూపాలను ఎవరైనా ఉచితంగా తీసుకొనేందుకు వీలు కల్పించింది. నా ప్రతికి ఆధారం ఆ ఛాయారూపమే. అసలు చిత్రం ఎత్తు 45.5 సెంటీమీటర్లు, వెడల్పు 41 సెంటీమీటర్లు. మన ఇళ్ళలో గోడకు తగిలించే కాలెండరుకంటె పెద్దది కాదు. నా కాన్వాసు కూడా అంతే కొలతకు కట్టుకున్నాను. కొలత మారితే కుంచె పట్టే తీరు మారుతుంది. కుంచె తీరు మారితే ఆ చిత్రకారుని చేతిని అనుసరించడం వీలుకాదు.

చిత్రంలో వున్నది ఒక వంటింటి మూల. ఎడమవైపు కిటికీ. అందులో ఒక అద్దం పగిలి వుంది. పుష్టిగా, చేతులు బిగువుగా వున్న ఒక పనిమనిషి నిలబడి, మట్టికూజాలోనుండి రెండు పిడుల గిన్నెలోకి పాలు పోస్తున్నది. పసుపుపచ్చని రవిక, నీలి ఏప్రన్, ఎర్రని పావడా, తలకు తెల్లని గుడ్డ. చొక్కాచేతులు మోచేతుల దాకా మడిచి వున్నవి. బల్లమీద రొట్టె, రొట్టెముక్కలు. మిగిలిపోయి ఎండిన రొట్టెను పాలలో నానవేసి ఉడికించే వంటకం చేస్తున్నదని పండితులు అంటారు. పారవేయవలసినదాన్ని తినదగినదిగా చేసే పని అది. ఏ దేశపు వంటింట్లోనైనా స్త్రీలు చేసే పనే. ఆమె మనవైపు చూడదు. ఆమె చూపంతా పాలధారమీద వుంది.

చూచేవాడు ఈ చిత్రాన్ని ఒక్క క్షణంలో చూస్తాడు. ప్రతి తీసేవాడికి మాత్రం ఆ వంటింట్లోకి వెళ్ళడానికి నెలలు పడుతుంది. కాన్వాసుకు జిగురు పూయాలి. దానిమీద గోధుమవన్నె పూత వేయాలి. అది ఆరిన తరువాత రంగులకు పూర్వరూపంగా నలుపు, గోధుమ వన్నెలతో వెలుగునీడలను మాత్రం నిలపాలి. దీన్ని డచ్చి చిత్రకారులు 'చచ్చిన రంగు' అనేవారు. దానిమీద అసలు రంగు, ఆ పైన నూనె ఎక్కువగా కలిపిన పలుచని పూత. అవిసె నూనె నీళ్ళవలె ఆవిరి అయిపోయి ఆరదు. గాలిలోని ఆమ్లజనిని పీల్చుకొని గట్టిపడుతుంది. అందుచేత ప్రతి పొరకూ రోజుల తరబడి కాచుకోవాలి. కింది పొరలో నూనె తక్కువ, పై పొరలో ఎక్కువ వుండాలి. ఇది తారుమారైతే కొన్నేళ్ళకు చిత్రం బీటలు వేస్తుంది. ఇవన్నీ చిన్న విషయాలని విమర్శకులు అనుకోవచ్చు. కాని వాస్తవికత అనేది కంటికి కనిపించినదాన్ని దించివేయడం కాదనీ, అది ఒక క్రమంలో, కాలంతో, పదార్థంతో సాగే నిర్మాణమనీ నాకు ఏ విమర్శగ్రంథమూ ఇంత స్పష్టంగా చెప్పలేదు.

ఒక ఉదాహరణ చెబుతాను. వెలుగు ఎడమనుండి వస్తున్నది. ఆమె వెలుగు పడే వైపున గోడ నీడలో వున్నది, నీడపడే వీపు వైపున గోడ తెల్లగా మెరుస్తున్నది. చీకటిమీద వెలుగునూ, వెలుగుమీద చీకటినీ నిలిపాడు చిత్రకారుడు. అంతటితో తృప్తిపడక ఆ వీపు అంచు వెంట సన్నని తెల్లని గీత ఒకటి లాగాడు. ప్రకృతిలో అటువంటి గీత వుండదు. దాన్ని గీసినప్పుడు గాని తెలియదు, ఆ మనిషి గోడనుండి విడిపోయి మన ఎదుటికి ఒక అడుగు వచ్చి నిలబడడం ఆ గీత చేసిన పని అని. ఆమె కుడిచేతికి పైన కాన్వాసులో ఒక సూదిబెజ్జాన్ని పరిశోధకులు కనుగొన్నారు. అక్కడ మేకు గుచ్చి, దారానికి సుద్ద రాచి గీతలు కొట్టాడు. మన వడ్రంగి దూలంమీద నూలు కొట్టేది ఇట్లాగే. కిటికీ గీతలూ, గదిలోని దూరాలూ ఆ ఒక్క బిందువు వద్దకు పరుగెత్తుతవి. చూపు తెలియకుండానే ఆ చేతి దగ్గరకు, పాల దగ్గరకు వచ్చి ఆగుతుంది. పనిచేసే చేతిని గదికంతటికీ కేంద్రంగా చేయడానికి నినాదమేదీ అవసరం కాలేదు. ఒక దారం చాలింది.

ఇక రంగుల సంగతి. ఇక్కడే చరిత్ర మన కుంచెకు అంటుకుంటుంది.

ఆ కాలపు తెలుపు సీసపు తెలుపు. డచ్చివారు దాన్ని తయారుచేసే పద్ధతికి యూరప్ అంతటా పేరు. సీసపు చుట్టలను వెనిగరు పోసిన మట్టికుండలలో వుంచి, కుండలను గుర్రపు పేడలో పాతిపెట్టేవారు. ఆ వేడికీ ఆవిరికీ కొన్ని వారాలలో సీసంమీద తెల్లని పొర పేరుకొనేది. దాన్ని గీకి, కడిగి, నూరాలి. నూరేవాడి ఊపిరిలోకి ఆ పొడి పోయేది. కడుపునొప్పులు, చేతులు చచ్చుపడడం, చివరకు మరణం. వినేవారు లేని ఈ బాధలు శతాబ్దాలపాటు సాగినవి. 1921లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇళ్ళ లోపలి రంగులలో సీసపు తెలుపును నిషేధిస్తూ, స్త్రీలనూ పద్దెనిమిదేళ్ళ లోపువారినీ ఆ పనినుండి తప్పిస్తూ ఒప్పందం తెచ్చేదాకా అది చట్టం దృష్టికి సరిగా రాలేదు. ఆ పనిమనిషి వెనుకనున్న తెల్లగోడ, ఆమె తలగుడ్డ, ఆమె పోసే పాలు అన్నీ ఆ తెలుపే. నేను నా ప్రతిలో టైటేనియం తెలుపు వాడాను. ఆ పాత తెలుపు వెచ్చదనం దీనికి లేదు. అయినా ఆ వెచ్చదనానికి చెల్లించిన ధర తెలిసిన తరువాత దానికోసం నేను బెంగపడలేదు.

రవిక పసుపు సీసమూ తగరమూ కలిపి కాల్చిన రంగు. 18వ శతాబ్దిలో ఇది వాడుకనుండి జారిపోయింది. తరువాత చిత్రకారులు దాని పేరు కూడా మరిచిపోయారు. 1941లో మ్యూనిచ్‌లో రిచర్డ్ యాకోబీ అనే శాస్త్రజ్ఞుడు పాతచిత్రాల పొరలలో దీన్ని తిరిగి కనుగొన్నాడు. ఒక వృత్తిజ్ఞానం రాతలోకి ఎక్కకపోతే, చేతినుండి చేతికి అందడం ఆగిపోతే, రెండు తరాలలో ఎట్లా మాయమవుతుందో చూడండి.

నీలం కథ ఇంకా పెద్దది. ఏప్రన్‌కు వెర్మీర్ వాడినది అల్ట్రామెరీన్. మన వైద్యగ్రంథాలలో రాజావర్తం అని పేరున్న రాతినుండి తీసే నీలం. ఆ రాయి ఆఫ్ఘనిస్థాన్‌లోని బదక్షాన్ గనులనుండి రావాలి. పొడిచేసి, మైనం, బంకలతో ముద్దచేసి, క్షారజలంలో పిసికితే నీలం విడిపోయి అడుగున చేరుతుంది. చిత్రకారులు కొనే రంగులలో అత్యంత ఖరీదైనవాటిలో ఇది ఒకటి. ఇటలీలో దీన్ని కన్య మేరీ వస్త్రానికి ప్రత్యేకించేవారు. వెర్మీర్ దాన్ని తెచ్చి ఒక వంటింటి పనిమనిషి ఏప్రన్‌కు పూశాడు. మడిచిన చొక్కాచేతుల ఆకుపచ్చలో కూడా అదే నీలం వుంది. ఫ్రాన్సులో గీమే అనే ఆయన 1820ల చివర దీన్ని కృత్రిమంగా తయారుచేయడంతో ఆ రంగు అందరిదీ అయింది. నేను కొన్న చిన్న గొట్టం ధర రెండుపూటల భోజనం ఖరీదుకు మించలేదు. పూర్వం దేవతలకు కేటాయించిన రంగు ఈనాడు బడిపిల్లవాడి పెట్టెలో వుంది. రసాయనశాస్త్రం సాధించిన ఈ సమానత్వాన్ని కళాచరిత్రకారులు తగినంతగా మెచ్చుకోలేదు.

బదక్షాన్ రాయి డెల్ఫ్ట్ అనే చిన్న పట్టణానికి ఎట్లా వచ్చింది? సముద్రవ్యాపారంతో పెరిగిన దేశం గనుక వచ్చింది. 1602లో ఏర్పడిన డచ్చి ఈస్టిండియా కంపెనీకి ఆరు శాఖలు వుండేవి. వాటిలో ఒకటి డెల్ఫ్ట్‌లోనే వుండేది. ఆ కంపెనీ 1605లో మన మచిలీపట్నంలో వర్తకస్థానం నెలకొల్పింది. తరువాత పాలకొల్లు, భీమునిపట్నంలోనూ కోటలు, గిడ్డంగులు లేచినవి. కోస్తా నేతగాళ్ళు నేసిన బట్టలనూ, అద్దకంవారు చిరివేరు ఎరుపుతో అద్దిన గుడ్డలనూ కొని, తూర్పుదీవులకు తీసుకొనిపోయి, వాటికి మారుగా మిరియాలు, లవంగాలు, జాజికాయలు పుచ్చుకొని యూరప్‌లో అమ్మేవారు. అదే కంపెనీ ఆ శతాబ్దంలో ఈ తీరంనుండి కరువుకు చిక్కిన మనుషులను కూడా బానిసలుగా ఎక్కించుకొని పోయింది. వెర్మీర్ చిత్రాలను ఎక్కువగా కొన్న పీటర్ వాన్ రౌవెన్ సారాబట్టీల కుటుంబంవాడు. అతని ప్రతి కాసూ మన నేతగాడి చెమట అని నేను అనను, అది అతిశయోక్తి అవుతుంది. కాని చిత్రాలు కొనగల మధ్యతరగతి ఆ పట్టణంలో ఏర్పడడానికి కారణమైన సంపదలో మన తీరపు శ్రమకు వాటా వుందని చెప్పడం చరిత్ర. ఆ నిశ్శబ్దపు వంటింటికి వెనుక తలుపు ఒకటి వుంది. అది సముద్రంవైపు తెరుచుకుంటుంది.

చిత్రకారుని ఇంటి సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. వెర్మీర్ ఏడాదికి రెండు మూడు చిత్రాలకు మించి పూర్తిచేయలేదని చరిత్రకారుల అంచనా. ఈనాడు ఆయనవని అంగీకరించేవి ముప్పై ఏడు లోపే. 1672లో ఫ్రాన్సుతో యుద్ధం రావడంతో చిత్రాల వ్యాపారం స్తంభించింది. 1675లో ఆయన నలభై మూడో ఏట పదకొండుమంది పిల్లలను వదిలి మరణించాడు. మరుసటి సంవత్సరం భార్య కాతరీనా తాను అప్పులు తీర్చలేనని న్యాయస్థానానికి అర్జీ పెట్టుకుంది. రొట్టెలవాడు వాన్ బౌటెన్‌కు పడిన బాకీ ఆరువందల గిల్డర్లకు మించింది. అందుకు ఆమె రెండు చిత్రాలను అతనికి వదులుకోవలసి వచ్చింది. బల్లమీది రొట్టెను, ఒక్కొక్క తెల్లని రంగుచుక్క పెట్టి, సూర్యకాంతి దానిమీద రాలినట్లు చిత్రించిన మనిషి రొట్టెలబాకీ అది. ఆ చుక్కలను ఒక్కొక్కటిగా పెడుతూ వున్నప్పుడు నాకు ఈ లెక్క గుర్తుకు వచ్చేది. 1696లో ఆమ్‌స్టర్‌డామ్ వేలంలో ఈ పనిమనిషి చిత్రం 175 గిల్డర్లకు పోయింది. 1908లో అది దేశం దాటిపోతుందన్న ఆందోళన మధ్య ప్రభుత్వం కొన్నది. ఈనాడు దానికి వెలకట్టే సాహసం ఎవరూ చేయరు.

ఆ ఇంట్లో తానెకె ఎవర్‌పూల్ అనే పనిమనిషి వుండేదని దస్తావేజులవల్ల తెలుస్తున్నది. గర్భిణిగా వున్న కాతరీనామీదికి ఆమె సోదరుడు కర్ర పట్టుకొని వచ్చినప్పుడు తానెకె అడ్డుపడిందని 1666 నాటి వాఙ్మూలంలో వుంది. చిత్రంలోని స్త్రీ ఆమెయేనని చెప్పడానికి ఆధారం లేదు. అయితే చిత్రకారుడు చూచిన పనిమనుషులు బొమ్మలు కారనీ, యజమానురాలి ప్రాణానికి తమ ఒళ్ళు అడ్డంపెట్టగల మనుషులనీ మాత్రం ఆ కాగితం చెబుతుంది.

ఆనాటి డచ్చి చిత్రకళలో పనిమనిషి అంటే సాధారణంగా నిద్రపోతూ వున్నదో, యజమానిని కవ్విస్తూ వున్నదో, దొంగతనం చేస్తూ వున్నదో. ఆస్తిగల వర్గం తన పనివాళ్ళనుగూర్చి చెప్పుకొని నవ్వుకొనే కథలు అవి. వెర్మీర్ ఆ వాతావరణంనుండి పూర్తిగా బయటపడ్డాడని చెప్పలేము. గోడ అడుగున పలకమీద చిన్న మన్మథుని బొమ్మ, నేలమీద కాళ్ళు కాచుకునే చెక్కకుంపటి వున్నవి. ఇవి శృంగార సంకేతాలని 2009లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఈ చిత్రానికి జరిగిన ప్రదర్శన సందర్భంగా వాదించారు. ఆ సంకేతాలు వున్నమాట నిజమే. కాని అవి ఎంత చిన్నవో, ఎంత కింద వున్నవో, ప్రతి తీసినవాడికి తెలుస్తుంది. సన్నకుంచెతో కొద్ది గీతలలో మన్మథుడు ముగిసిపోతాడు. ఆ చేతులకు, ఆ ముంజేతిమీద ఎండకు కమిలిన వన్నెకు, ఆ ముఖానికి పట్టిన కాలం ఎన్నో రెట్లు. చిత్రకారుడు తన శ్రమను ఎక్కడ ఖర్చుపెట్టాడో అక్కడే అతని అభిప్రాయం వుంటుంది.

దీన్ని బలపరిచే విషయం ఒకటి 2022లో బయటపడింది. రైక్స్ మ్యూజియం పరిశోధకులు కొత్త యంత్రాలతో పైపొరల కింద చూచారు. ఆమె తలవెనుక గోడకు మొదట కూజాలు తగిలించే చెక్క ఒకటి వేసి, తరువాత చెరిపివేశాడు. కుంపటి వున్నచోట పసిపిల్లల గుడ్డలు ఆరబెట్టే పెద్ద అల్లిక బుట్ట వుండేది. దానినీ తీసివేశాడు. ఆ కింద వేగంగా, మోటుగా వేసిన నల్లని కుంచెగీతలు కనిపించినవి. ఓపికకు మారుపేరుగా చెప్పుకొన్న చిత్రకారుడు మొదటి రూపాన్ని ఎంత తొందరగా, ఎంత ధైర్యంగా వేశాడో తెలిసింది. వంటింటి సామానంతా చూపితే అది వంటింటి జాబితా అవుతుంది. సామాను తీసివేస్తే మనిషి మిగిలింది. వాస్తవికత అంటే కనపడినదంతా ఎక్కించడమని నమ్మే మన చిత్రకారులు, కథకులు కూడా, ఈ చెరిపివేతలను శ్రద్ధగా చూడాలి.

ప్రతిరచనకు, మోసానికి గల భేదం కూడా చెప్పి ముగిస్తాను. హాన్ వాన్ మేగెరెన్ అనేవాడు వెర్మీర్ పేరుతో కొత్త చిత్రాలు సృష్టించి, బేకలైట్ కలిపి గట్టిపరచి, పండితులను నమ్మించాడు. వాటిలో ఒకటి నాజీ నాయకుడు గోరింగ్ చేతికి చేరింది. 1945లో జాతిసంపదను శత్రువుకు అమ్మాడన్న ఆరోపణపై పట్టుబడి, అది తాను గీసినదేనని నిరూపించడానికి కావలిమధ్యనే మరొకటి గీశాడు. 1947లో ఏడాది శిక్ష పడింది, అది అనుభవించకముందే చనిపోయాడు. అతడు వెర్మీర్ చిత్రాలను మళ్ళీ చిత్రించలేదు. వెర్మీర్ సంతకాన్ని అమ్ముకున్నాడు. నిజాయితీగల ప్రతి తన వెనుకవైపున తన తేదీని, తన పేరును రాసుకుంటుంది. అది పాతచిత్రం స్థానంలో కూర్చోదు, దాని పక్కన నిలబడి ప్రశ్నలు వేస్తుంది.

ప్రతిరచనతోనే ఆగిపొమ్మని నేను అనడంలేదు. 1957లో పికాసో వెలాస్కెజ్ చిత్రం ఒక్కదాన్ని పట్టుకొని నెలల తరబడి పదేపదే విరిచి కట్టాడు. నేర్చినది ఎక్కడికి తీసుకొనిపోవచ్చో అది చూపుతుంది. మన ఊళ్ళలో పాలు కాచే స్త్రీ వుంది, అంట్లు తోమే స్త్రీ వుంది, నాట్లు వేసే స్త్రీ వుంది. వారిని చిత్రించేవాడు వారిమీద జాలి చూపితే చాలదు, పతాకంవలె ఎగురవేస్తే చాలదు. వారి చేతి బరువు, ఆ చేతిమీది వెలుగు, ఆ వెలుగుకు వెనుకనున్న గోడ అతనికి తెలియాలి. మూడున్నర శతాబ్దాల కిందట ఎవరో ఒక పనిమనిషి చేతికి ఆ గౌరవం దక్కింది. ఆ పని ఎట్లా జరిగిందో చేత్తో తెలుసుకున్నవాడు తన ఎదుటి మనిషికి దాన్ని దక్కించగలడు. ఆ పని చేయవలసిన చేతులు మన దగ్గర వున్నవి. అవి తమ మొదటి పాఠానికి సిగ్గుపడవలసిన అవసరం లేదు.